పిడుగు పడని గోల్‌పోస్టు

ఆ గోల్‌పోస్టు మీద పిడుగు పడలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

మలేసియాలో, పోర్ట్ క్లాంగ్‌లో గానీ బంటింగ్‌లో గానీ మనవాళ్లు నలుగురు చేరిన చోట ఒక కథ తప్పకుండా వినిపిస్తుంది. రేవు కంపెనీ ఆటల పండుగ రోజున మా బావ ఒక ఇనప స్తంభం పక్కన నిలబడి ఉన్నాడనీ, ఆయన అక్కణ్ణించి కదిలిన మరుక్షణం దాని మీదే పిడుగు పడిందనీ, స్తంభం నిలువునా నల్లబడిపోయిందనీ ఆ కథ. వాన వెలిసిన తర్వాత ఆ స్తంభాన్ని అడుగు నుంచి చేయి అందినంత మేర తడిమి చూసినవాణ్ణి నేను. అందని భాగాన్ని బైనాక్యులర్స్‌తో చూశాను. మసి లేదు, రంగు పొక్కలేదు, అడుగున గడ్డి కమలలేదు. ఇక ఆ రోజు జరిగినదేమిటో, ఇప్పుడు రేవులో కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. వాళ్లు కథ విన్నారు, మిగతాది వినలేదు.

నేను చదివింది భౌతికశాస్త్రం. ఉద్యోగం చేసింది రేవు భద్రతా విభాగంలో. ఎవరు ఏమి చెప్పినా రుజువు అడగడం నా పని. ఈ గొలుసు కొత్తదే అంటే ఎప్పుడు లాగి పరీక్షించారని అడిగేవాణ్ణి. ఈ దారిలో లారీలు రావు అంటే ఒక పూట అక్కడే నిలబడి చూసేవాణ్ణి. మలయ్ సహోద్యోగులు నాకు ‘ఎంచిక్ బుక్తి’ అని పేరు పెట్టారు; రుజువుగారు అని అర్థం. మొదట్లో చాటున పిలిచేవారు, తర్వాత ఎదుటే పిలిచేవారు, చివరికి టెలిఫోన్‌లో నేనే ఆ పేరు చెప్పుకునే స్థితికి వచ్చాను.

అలసట పుట్టించే ఉద్యోగం అది. ప్రమాదం జరిగితే లోకమంతా చూస్తుంది. జరగని ప్రమాదాన్ని చూసినవాడు ఉండడు. ఉద్యోగ జీవితమంతా కంటికి కనబడని సరుకు తయారు చేశాను. దాన్ని చూపించమని అడిగినప్పుడల్లా నా చేతులు ఖాళీగానే ఉండేవి.

మా బావ, అంటే మా చెల్లెలి భర్త, అదే రేవులో పనిచేసేవాడు. ఓడ మీద పేర్చిన కంటైనర్లను ఇనప కడ్డీలతో బిగించే ముఠాకు మేస్త్రీ. మా ఊళ్లో ఉరుములు అతిథుల్లా రావు, ఇంట్లో మనుషుల్లా తిరుగుతుంటాయి. అందువల్ల రేవులో పొడుగాటి సైరన్ ఒకటి ఉండేది. అది మోగితే కంటైనర్ల మీద ఉన్నవాళ్లు పని ఎక్కడిదక్కడ వదిలి దిగిపోవాలి. మేస్త్రీ మాత్రం అందరికన్నా ఆఖరున దిగాలి. ఇది మేము పెట్టిన నిబంధన కాదు, ముఠాల ఆచారం. తన మనుషుల్లో ఒక్కడు పైన ఉండగా కాలు కింద పెట్టిన మేస్త్రీతో మర్నాడు ఎవరూ కలిసి టీ తాగరు.

ఆఖరున దిగేవాడు ఎక్కువ సేపు ప్రమాదంలో ఉంటాడని, అది ధైర్యం కాదు, చెడ్డ లెక్క అని నేను బావతో ఎన్నోసార్లు వాదించాను.

“నానే ముందు దిగిపోతే ఆళ్లు రేపు నా మొకం సూత్తారేటి బావా?” అనేవాడు.

“మొకం ఉంటే కదా సూడ్డానికి.”

“అదిగో, మళ్లీ సైన్సు మొదలెట్టినావు. తే తారిక్ సల్లారిపోతంది, తాగు లా.”

తే తారిక్ అంటే మా ఊరి నురగ టీ, మాట చివరి ‘లా’ మలయ్‌వాళ్ల నుంచి అంటుకున్నది. ఆ వాదన ఎన్నడూ ముగియలేదు. అది మైదానంలోకి వస్తుందని మాత్రం నేను ఊహించలేదు.

రేవుకు వచ్చే ఓడల కంపెనీల్లో రకరకాల దేశాలవాళ్లు ఉండేవారు. ఒక కంపెనీలో ఐర్లండ్ నుంచి వచ్చిన మేనేజరు, ఎర్రటి మెడ, పెద్ద గొంతు, కల్మషం లేని మనిషి, ఒకనాడు మా కార్యాలయానికి వచ్చి అన్ని రకాల ఫుట్‌బాళ్లకూ కలిపి ఒక పండుగ చేద్దామన్నాడు. మలయ్ కుర్రాళ్లు బోర్డింగ్ స్కూళ్లలో నేర్చుకున్న రగ్బీ, ఆస్ట్రేలియా ఇంజినీర్ల ఆట, అందరికీ తెలిసిన ఫుట్‌బాల్, వాటితో పాటు ఐర్లండ్ వాళ్ల ఆటలు రెండూ. కంపెనీ ఒప్పుకుంది. మా విభాగాధిపతి మలయ్ ఇంజినీరు. ఆవిణ్ణి అందరూ ‘పువాన్’ అని గౌరవంగా పిలిచేవాళ్లం. ఆవిడ నన్ను పిలిచి, ఈ ఆటలన్నింటినీ పోల్చి ఏ ఆటలో ఏ ప్రమాదం ఉందో చెప్పమన్నారు.

ఫుట్‌బాల్ అనే పేరు కింద ఎన్ని వేరువేరు ఆటలు ఉన్నాయో అప్పుడు తెలిసింది. మనం చిన్నప్పటి నుంచి ఆడినదానిలో చేయి తగలడం తప్పు. రగ్బీలో చేతులదే రాజ్యం, కానీ చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. ఆస్ట్రేలియా ఆట కోడిగుడ్డు ఆకారపు మైదానంలో కోడిగుడ్డు ఆకారపు బంతితో జరుగుతుంది; బంతిని తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు, విసరకూడదు. ఐర్లండ్ ఫుట్‌బాల్‌లో బంతి గుండ్రం, చేతులూ కాళ్లూ రెండూ పనిచేస్తాయి. కొద్ది అడుగులు మోసిన తర్వాత బంతిని నేలకు కొట్టాలి, లేదా పాదంతో తట్టి మళ్లీ చేతిలోకి తెచ్చుకోవాలి. గోల్‌పోస్టులు రెండూ అడ్డకమ్మీని దాటి చాలా పైకి లేచి ఉంటాయి. కమ్మీ కింద వలలో పడితే గోల్, దానికి మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒకటి. ఇక హర్లింగ్ అనేది అదే మైదానంలో, అవే స్తంభాల మధ్య, కర్రతో ఆడేది. చివర వెడల్పుగా ఉండే కర్ర, గుప్పిట్లో ఇమిడే గట్టి తోలు బంతి. హాకీ చూసిన కంటికి మొదట అదీ హాకీలాగే కనిపిస్తుంది. బంతి మనిషి తల ఎత్తున ఎగిరి, గాల్లోనే మళ్లీ దెబ్బ తిన్నప్పుడు ఆ భ్రమ పోతుంది.

ఆటల కన్నా వాటి గురించి చెప్పుకునే గొప్పలు నన్ను ఎక్కువ అలసిపోయేలా చేశాయి. లోకంలో అన్నిటికన్నా పాత ఆట, అన్నిటికన్నా వేగమైన ఆట మాదేనని ఐర్లండ్ మేనేజరు అన్నాడు. వేగాన్ని దేనితో కొలిచారని అడిగాను. “ఒక్కసారి గోల్‌లో నిలబడి చూడండి, కొలత దానంతటదే తెలుస్తుంది” అని నవ్వాడు. ఆస్ట్రేలియా ఆట తమ ఆట నుంచే పుట్టిందని కూడా అన్నాడు. ఆస్ట్రేలియా వాళ్లు అది అబద్ధమన్నారు. దొరికినదంతా చదివాను, రెండు ఆటలూ చూడడానికి ఒకేలా ఉన్నాయనే మాట తప్ప గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు. మనుషులందరికీ రెండు చేతులు, రెండు కాళ్లే ఉన్నప్పుడు, ఆటలు ఒకదాన్నొకటి పోలి ఉండడంలో వింత లేదు. ఒక స్కూలు పిల్లవాడు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడంతో రగ్బీ పుట్టిందనే కథ కూడా అంతే. కథ అందంగా ఉంది, ఆధారం పలచగా ఉంది. అందమైన కథలకు ఆధారం అక్కర్లేదని నాకు అప్పటికి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

పండుగ సంఘం సమావేశంలో ఒక పెద్దమనిషి, హర్లింగ్ ఆటగాళ్ల హెల్మెట్లకు ముందువైపు ఇనప జాలీ ఉంటుంది కాబట్టి అది పిడుగును లాగుతుందని, జాలీలు ఊడదీయించాలని పట్టుబట్టాడు. పిడుగుకు ఇనుము మీద ప్రత్యేకమైన మోజు లేదని, ఎత్తుగా ఒంటరిగా ఉన్నదేదైనా దానికి అనుకూలమేనని, జాలీ తీసేస్తే మాత్రం పళ్లు రాలడం ఖాయమని చెప్పాను.

“బుక్తి?” అని పువాన్ అడిగారు, పెదవి కొసన నవ్వుతో.

“దేనికి పువాన్, పిడుగుకా, పళ్లకా?”

జాలీలు ఉండిపోయాయి. పిడుగు జాగ్రత్త కోసం ఏం చేయాలన్న ప్రశ్నకు ఎక్కువ చర్చ జరగలేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య వ్యవధి తగ్గేకొద్దీ పిడుగు దగ్గరైనట్టు; అది ఒక హద్దు కన్నా తగ్గితే రేవులో మోగించే సైరనే మోగిద్దాం, అందరూ మైదానం వదిలి పక్కనే నిలిపిన బస్సుల్లో ఎక్కుతారు, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి మళ్లీ ఆడతారు. తలుపులు మూసిన బస్సు భద్రమైన చోటు. గుడ్డ డేరాలు కావు. సైరన్ మైదానం ప్రతి మూలకూ వినబడుతోందో లేదో నేను స్వయంగా నడిచి చూశాను. వినబడింది. ఇక అనుమానించవలసింది ఏముందని మా అందరికీ అనిపించింది. రేవువాళ్లకు సైరన్ మోగడమంటే మనుషులు దిగడమే. ఆ రెంటినీ విడదీసి చూడాలన్న ఆలోచన గదిలో ఒక్కరికీ రాలేదు.

హర్లింగ్‌లో ప్రతి గోల్ దగ్గరా ఇద్దరు అంపైర్లు ఉంటారు, స్తంభానికొకరు చొప్పున. తెల్ల కోటు వేసుకుని, పాయింటుకు తెల్ల జెండా, గోల్‌కు ఆకుపచ్చ జెండా ఎత్తాలి. మనుషులు చాలక ఐర్లండ్ మేనేజరు రేవులో స్వచ్ఛందంగా వచ్చేవాళ్లను అడిగాడు. బావ మొదట చేయెత్తాడు. కోటు ఇంటికి తెచ్చుకుని అద్దం ముందు నిలబడ్డాడు.

“నా పెళ్లికి కూడా ఇంత తెల్ల బట్ట ఎయ్యలేదు” అన్నాడు.

“పెళ్లికి నువ్వు ఇంత కుదురుగా నిలబడ్డావేటి గనక” అంది మా చెల్లెలు. తర్వాత వంటింటి గుమ్మంలో నన్ను ఆపి, గొంతు తగ్గించి, “అన్నియ్యా, వానొస్తే ఆయన్ని నువ్వే సూసుకోవాల. అందరూ ఎల్లినాకే వొస్తాడు, నీకు తెల్దేటి” అంది. తెలుసునన్నాను.

ఆటకు ముందు అంపైర్లకు పాఠం చెప్పింది ఆ మేనేజరే; రిఫరీ కూడా ఆయనే. “నేను విజిల్ ఊది ఆట ముగించేదాకా స్తంభం వదలకూడదు. మీరు లేకపోతే ఆ గోల్‌కు సాక్షి లేనట్టే” అన్నాడు. బావకు ఆ మాట ఎంతగా నచ్చిందో ఆయన మొహంలో కనిపించింది.

“మన మేస్త్రీ పనే బావా ఇది. కోటొక్కటే తేడా” అన్నాడు.

పండుగ రోజు ఉదయం ఎండ కాల్చేసింది. ఫుట్‌బాల్ పోటీలు పొద్దున్నే అయిపోయాయి. ఆ జట్లు చాలామట్టుకు ఇళ్లకు వెళ్లిపోయాయి. మధ్యాహ్నం తర్వాత మూడు చోట్ల ఆట నడుస్తోంది: ఒకవైపు రగ్బీ, దాని అవతల ఆస్ట్రేలియా ఆట, చివరన హర్లింగ్. ఊరి లోపలి దిక్కున మేఘం పుట్టగొడుగులా లేచింది. నేను వాచీ చూస్తూ మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెడుతున్నాను. వ్యవధి హద్దు కన్నా తగ్గగానే పువాన్‌కు చెయ్యి ఊపాను. ఆవిడ సైరన్ మోగించారు.

తర్వాత జరిగినదాన్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వు, నీరసం రెండూ వస్తాయి.

రగ్బీలో సమయం అయిపోయిందని హారన్ మోగితే ఆట ఆగదు. బంతి ఆటలోంచి పోయేదాకా సాగుతుంది. వెనుకబడిన జట్టు బంతిని చావనివ్వదు. సైరన్ వినగానే మలయ్ కుర్రాళ్లు ఇదే ఆఖరి అవకాశమనుకుని ప్రాణం పెట్టి ఆడడం మొదలుపెట్టారు. అంతసేపు మోగుతోందేమిటని ఒకడు అడిగితే, టైమ్‌కీపర్ వేలు బటన్‌కు అతుక్కుపోయిందని ఇంకొకడు అన్నాడట. ఆస్ట్రేలియా ఆటలో సైరన్ మోగితే ఆటలో నాలుగో వంతు ముగిసినట్టు. వాళ్లు మర్యాదగా ఆట ఆపారు. ఆపి, వాళ్ల ఆచారం ప్రకారం కోచ్ మాట వినడానికి మైదానం నడుమ, చుట్టూ తమకన్నా ఎత్తైనది మరొకటి లేని చోట, భుజాలు కలిపి గుంపుగా నిలబడ్డారు. మాకు లొంగినవాళ్లు వాళ్లొక్కరే, అదీ ఇలా. హర్లింగ్‌లో సమయం రిఫరీ చేతి గడియారంలో ఉంటుంది. బయట మోగేదేదీ ఆయనకు పట్టదు. ఆ పూటంతా పక్క మైదానాల్లోంచి హారన్లు వింటూనే ఉన్నాడు కాబట్టి ఇది మరొకటి అనుకున్నాడు. స్కోరు సమానంగా ఉంది, ఆయన కళ్లు బంతి మీదే ఉన్నాయి.

ఈ ఆటల నియమాలన్నీ నేను చదివాను. పువాన్ చదివారు. సమావేశంలో వాటి మీద మాట్లాడుకున్నాం కూడా.

పువాన్ ఒక్క క్షణం నా వైపు చూశారు. “ఆ రెండూ నేను చూస్తాను. మీ బావ దగ్గరికి వెళ్లండి” అని భద్రతా విభాగం వ్యాన్ ఎక్కి, హారన్ కొడుతూ సరాసరి ఆస్ట్రేలియా వాళ్ల గుంపు మధ్యలోకి తోలారు. అటు తర్వాత రగ్బీ మైదానంలోకి కూడా అలాగే తోలారని విన్నాను, నేను చూడలేదు.

నేను హర్లింగ్ గోల్ వైపు నడిచాను. రెండో స్తంభం దగ్గరి అంపైర్ రేవు గుమాస్తా. సైరన్ వినగానే అలవాటు ప్రకారం బస్సెక్కేశాడు. బావ ఇప్పుడు రెండు స్తంభాలూ తానే చూస్తున్నాడు. ఒక చెయ్యి ఇనప స్తంభం మీద ఆనించి నిలబడ్డాడు. తల పైన ఆ స్తంభం ఆకాశంలోకి పోయింది. చుట్టుపక్కల చెట్టు లేదు, గోడ లేదు.

“బావా, సెయ్యి తియ్యి దాని మీంచి. రా. సైరన్ ఇనబళ్లేదా?”

“ఇనబడింది.” చెయ్యి తీశాడు, అడుగు తీయలేదు. “ఆళ్లు ఇంకా ఆడతన్నారు కదేటి.”

“ఆళ్ల సంగతి నాకొగ్గేయ్. నువ్వు ముందు నడు.”

“ఇంతమంది మైదానంలో ఉండగా మేస్త్రీ ఎల్లిపోయినాడంటే బాగుంటదేటి? ఆళ్లని దింపు. నీ ఎనకాలే వొస్తాను.”

“ఇది ఓడ కాదు బావా!”

“పైనుంచి పడీది ఒకటే కదా లా.”

ఆ మాట అంటున్నప్పుడు మెరిసింది. నేను లెక్క మొదలుపెట్టాను. లెక్క చాలా దూరం పోలేదు. ఆ క్షణంలో ఆయనతో వాదించడం వృథా అని అర్థమయింది. ఆయన కదలాలంటే ఆటగాళ్లు కదలాలి. ఆటగాళ్లు కదలాలంటే విజిల్ మోగాలి. గీత దాటి రిఫరీ వైపు నాలుగడుగులు వేసి చేతులూపాను. తప్పుకోమన్నట్టు ఆయన నా వైపు చెయ్యి విసిరాడు. వెంటనే నా చెవి పక్కనుంచి బంతి దూసుకుపోయింది. దాని వేగం గురించి మేనేజరు చెప్పిన మాటకు అంతకన్నా మంచి రుజువు నాకు అక్కర్లేకపోయింది. వెనక్కి వచ్చేశాను.

అప్పుడు ఒక ఆటగాడు దూరం నుంచి కొట్టిన బంతి కమ్మీ మీదుగా వచ్చి గోల్ వెనక నా కాళ్ల దగ్గర పడింది. బావ కోటు సర్దుకుని, ఏ తొందరా లేకుండా తెల్ల జెండా ఎత్తాడు. నేను వంగి బంతి తీసి జేబులో వేసుకున్నాను. గోల్‌కీపర్ ఇంకో బంతి కోసం వెనక్కి తిరిగాడు. మిగతా బంతులన్నీ ఒక వల సంచిలో, గోల్ వెనక కంచెకు తగిలించి ఉన్నాయి. సంచి తీసి భుజాన వేసుకుని బస్సు వైపు నడవసాగాను.

ఇన్ని వారాలు నేను ఈ ఆటల మధ్య తేడాలు పోల్చాను. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదాని గురించి ఒక్క వాక్యం రాయలేదు. బంతి లేకపోతే ఏ ఆటా లేదు.

పరిగెత్తలేదు. ఆ వయసులో గడ్డి మీద పరిగెత్తి పడితే సంచి మళ్లీ వాళ్ల చేతికే పోయేది. వెనక మొదట గోల్‌కీపర్ అరిచాడు. తర్వాత ఇంకొందరు. నాకు తెలిసిన భాషల్లోనూ తెలియని భాషల్లోనూ తిట్లు వినిపించాయి. ఆ తర్వాత, ఆ మధ్యాహ్నమంతా ఎదురుచూసిన ధ్వని వినబడింది: రిఫరీ విజిల్. పిడుగు కోసం ఊదలేదాయన, దొంగ కోసం ఊదాడు. నాకు ఏదైనా ఒకటే.

బస్సెక్కి వెనక సీటు దాకా వెళ్లి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాళ్లు ఒకరి వెనక ఒకరు, కర్రలతో, హెల్మెట్లతో, చెమటతో ఎక్కారు. నడవ నిండిపోయింది. రిఫరీ నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

“బంతులు ఇవ్వండి.”

“చివరి ఉరుము తర్వాత అరగంటకు ఇస్తాను.”

“మీకు మతి పోయిందా?”

నా కళ్లు తలుపు మీదే ఉన్నాయి. అందరికన్నా వెనక, తెల్ల కోటులో, రెండు జెండాలు చంకలో చుట్టి పెట్టుకుని, మైదానం వైపు ఒకసారి చూసి ఎవరూ మిగల్లేదని నిర్ధారించుకుని, బావ ఎక్కాడు. డ్రైవర్ తలుపు మూశాడు.

రిఫరీ ఇంకా ఏదో అనబోయాడు. బస్సు అద్దాలన్నీ ఒక్కసారి తెల్లబడ్డాయి. వెలుగూ శబ్దమూ కలిసే వచ్చాయి. లెక్కపెట్టడానికి వాటి మధ్య ఏమీ మిగల్లేదు. తర్వాత వాన. రిఫరీ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని నా పక్క సీట్లో కూర్చున్నాడు.

బావ నడవలోంచి తోసుకుని వచ్చి, “బావా, దొంగతనం కూడా సేస్తావని మీ సెల్లెలికి తెలుసేటి?” అన్నాడు.

ఆ పిడుగు ఎక్కడ పడిందో చూసినవాళ్లు లేరు. వాన వెలిశాక మైదానమంతా తిరిగాను. నాకు దొరికిన ఆనవాలు ఒకటే: రగ్బీ మైదానం అవతల చివరన ఉన్న దీపస్తంభం కింది స్విచ్చుల పెట్టె కాలిపోయింది. హర్లింగ్ గోల్‌కు అది చాలా దూరం. బావ అక్కడే నిలబడి ఉన్నా ఆయనకు ఏమీ అయ్యేది కాదేమో. అయ్యేదని నేను నిరూపించలేను.

తర్వాత సమావేశంలో సంఘం పెద్దమనిషి, జాలీలు తీయించమన్న ఆయనే, “ఎవరికీ ఏమీ కాలేదు కదా, అంత గొడవ చేసి ఆట ఎందుకు ఆపారు?” అని అడిగాడు. జవాబు చెప్పమన్నట్టు పువాన్ నా వైపు చూశారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ ప్రశ్నే రకరకాల గొంతులతో వింటున్నాను. ఎవరికీ ఏమీ కాకపోవడం కోసమే ఆపామని చెప్పాను. ఆయన తృప్తి పడలేదు. ఆయన స్థానంలో ఉంటే రుజువు అడిగే నేనూ తృప్తి పడేవాణ్ణి కాదు.

ఆ మరుసటి పండుగ నుంచి ఒక ఏర్పాటు చేశాం. ప్రతి మైదానంలోనూ బంతుల సంచి రేవు మనిషి దగ్గరే ఉంటుంది. సైరన్ మోగగానే అతడు రిఫరీ దగ్గరికి వెళ్తాడు, రిఫరీ విజిల్ ఊదుతాడు, సంచి బస్సెక్కుతుంది. దీనికి ముందుగా ఒప్పుకున్నది ఐర్లండ్ మేనేజరే. “ఈయన్ను మాత్రం మా గోల్ వెనక పెట్టకండి” అని ఒక్క షరతు పెట్టాడు.

కథ మాత్రం మా ఏర్పాట్లతో సంబంధం లేకుండా బావ నోట పెరిగింది. మొదట పిడుగు మైదానంలో పడింది. తర్వాత గోల్ దగ్గర పడింది. ఒక పెళ్లి భోజనాల దగ్గర వినేసరికి స్తంభం మీదే పడి, స్తంభం నల్లబడి, పొగ కూడా వచ్చింది. ఆ పంక్తిలోనే కూర్చున్న నేను ఊరుకోలేక, పొగ లేదు, మసి లేదు, నేను చూశానని చెప్పాను. పంక్తి అంతా నా వైపు జాలిగా చూసింది. బావ నా విస్తట్లో ఇంకో అప్పడం వేయించాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు అడిగాను, “ఎందుకు బావా ఈ అబద్ధం?”

“నువ్వు ఆటలన్నీ పోల్సి పెద్ద సార్టు గీసినావు కదా. అది సూసి ఒక్కడైనా మైదానం ఒగ్గి బస్సెక్కినాడేటి?”

“ఎక్కలేదు.”

“నా కత ఇన్నోడు ఎక్కుతన్నాడు. సూసుకో. మరి నీ రుజువెందుకు, కూరకా?”

అయినా అబద్ధం మీద కట్టిన జాగ్రత్త ఏదో ఒక రోజు కూలుతుందని నా అనుమానం. ఎవరో ఒకరు ఆ స్తంభం దగ్గరికి వెళ్లి, నాలాగే తడిమి చూసి, మసి లేదని తెలుసుకుని, అయితే పిడుగు భయమూ వట్టిదేనని తీర్మానించుకోవచ్చు. ఆ ఒక్కరి కోసం ఇది రాస్తున్నాను. ఇలా రాస్తున్నానని బావకు ఫోన్‌లో చెబితే, “రాసుకో లా. నీ రాత సదివేది ఎవలు, నా మాట ఇనీది ఎవలు, సూద్దాం” అన్నాడు.

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు ఆ మైదానానికి వెళ్తుంటాను. పోయిన నెల వెళ్లినప్పుడు, బస్సు పక్కన నిలిపి, ఆడపిల్లల జట్టు ఐర్లండ్ ఫుట్‌బాల్ సాధన చేస్తోంది. కెప్టెన్ మా బావ మనవరాలు. తెలుగు అర్థమవుతుంది, జవాబు తమిళంలోనో ఇంగ్లీషులోనో వస్తుంది, బాగా కోపం వస్తేనే తెలుగులో. బంతుల సంచి పట్టుకోమని నాకు ఇచ్చింది. ఇప్పటికీ అది రేవు మనిషి దగ్గరే ఉండాలట.

సాయంత్రం కాకముందే దూరంగా ఒక ఉరుము వినిపించింది. సైరన్ లేదు, విజిల్ లేదు. ఆ పిల్ల బంతిని చేత్తో పట్టుకుని ఆగిపోయింది. మిగతావాళ్లు బూట్లు, సీసాలు ఏరుకోవడం మొదలుపెట్టారు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆకాశం వైపు చూసి, “ఎక్కడో దూరంగా ఉంది కదా” అంది.

“దూరమేటి! మా తాత ఆ పోస్టు కాడే ఉన్నాడు. ఎల్లగానే దాని మీదే పడింది, నల్లగా అయిపోయింది. కావాలంటే ఈ తాతని అడుగు, ఈయన సూసినాడు” అంది మా పిల్ల, ఈసారి తెలుగులోనే.

కొత్తమ్మాయి స్తంభం వైపు చూసింది, నా వైపు చూసింది. “నిజమా, అంకుల్?”

నోరు తెరిచాను. మళ్లీ మెరిసింది. అలవాటు ప్రకారం లోపల లెక్క మొదలయింది.

“ముందు బస్సెక్కండమ్మా” అన్నాను. “తర్వాత సెప్తాను.”

ఎక్కారు. అందరూ ఎక్కేదాకా చూసి, ఆఖరున నేను ఎక్కాను. తలుపు మూసుకుంది, వాన మొదలయింది, పిల్లలు ఫోన్లు తీశారు. ఎవరూ మళ్లీ అడగలేదు. బంతుల సంచి నా ఒళ్లో ఉంది.